బ్యాటరీలు లేని అలారం

దెయ్యాల మాటెత్తితే నవ్వేసే మనిషిని నేను. గాలి సోకిందని మా మేనత్త తాయెత్తు కట్టించుకుంటే ఆవిడను నెల రోజులు ఆటపట్టించాను. ఇప్పటికీ నమ్మను. కానీ షికాగోలో నా మొదటి సెమిస్టర్‌లో జరిగినదానికి మాత్రం ఎటునుంచి ఆలోచించినా పొంతన కుదరదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

జనవరిలో ఎంఎస్‌కి వెళ్లాను. మా కాలేజీ సీనియర్ లావణ్యక్క ఫ్లాట్‌లో దిగాను. గది ఆవిడది, హాలు నాది. లీజులో ఆవిడ పేరొక్కటే ఉంది. మనవాళ్లలో ఇది మామూలే. అపార్ట్‌మెంట్ మేనేజరు ఎదురైతే చుట్టపుచూపుగా వచ్చానని చెప్పమంది.

వెళ్లిన రెండో రోజే పప్పుకి పోపు పెట్టాను. ఎండుమిర్చి ఘాటుకి పైకప్పుకున్న పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. అక్క కుర్చీ ఎక్కి దాన్ని ఊడదీసి, అందులోని రెండు బ్యాటరీలూ తన కంప్యూటర్ మౌస్‌లో వేసుకుంది. ఖాళీ అలారాన్ని గరిటెల సొరుగులో పడేసింది. కరెంటు తీగ కూడా లేని పాత రకం అది.

పక్క ఫ్లాట్‌లో భార్యాభర్తలుండేవారు, ఇద్దరూ అమెరికన్లే. మొదటి వారంలోనే గోడ అవతల నుంచి దెబ్బలు వినిపించాయి. తలుపు విసురుగా వేసిన చప్పుడు కాదు, మనిషిని కొడితే వచ్చే చప్పుడు. మర్నాడు పక్కింటావిడ మెట్ల మీద ఎదురైంది. పెదవి చిట్లి, ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంది. గుడ్ మార్నింగ్ అంది. నేనూ అన్నాను.

పోలీసుల నంబరు నైన్ వన్ వన్‌కి కాల్ చేద్దామా అని అక్కని అడిగాను.

"పోలీసులొస్తే పేర్లు రాసుకుంటారే. లీజులో నువ్వు లేవు. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం? వీసా మీద ఉన్నాం, మనకెందుకు చెప్పు," అంది అక్క.

నిజం చెప్పాలంటే నేను అక్క చేత ఆ మాట అనిపించుకోడానికే అడిగానేమో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చదువుకోవడం అలవాటు చేసుకున్నాను. మూడు వారాల్లో అయిదుసార్లు విన్నాను.

ఆరోసారి శనివారం పొద్దున పదకొండింటికి. స్టవ్ వెలిగించలేదు, పెరుగన్నం తింటున్నాను. అక్క లాప్‌టాప్‌లో అసైన్‌మెంట్ చేసుకుంటోంది, మౌస్ ఆమె చేతిలోనే ఉంది. అవతల గోడకి ఏదో బలంగా తగిలింది. మళ్లీ తగిలింది. మూడోసారికి మా గోడ మీది క్యాలెండర్ రాలిపడింది. అతను ఆవిడ తలను గోడకేసి కొడుతున్నాడని అర్థమైంది. నాలుగోసారికి ఆవిడ అరుపు ఆగిపోయింది. దెబ్బలు ఆగలేదు.

ఫోన్ తీసి తొమ్మిది నొక్కాను. అక్క నా వైపు చూసి వద్దని తలూపింది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

అప్పుడు సొరుగులో అలారం మోగింది.

అక్క దాన్ని బయటికి తీసి వెనక్కి తిప్పింది. బ్యాటరీలుండే చోటు ఖాళీ. ఇద్దరం చూశాం. టవల్ చుట్టాం, దిండు కింద నొక్కాం. ఆగలేదు.

నిమిషం తిరక్కుండా అతనొచ్చి మా తలుపు తన్నడం మొదలుపెట్టాడు. ఆపమని బూతులు తిడుతూ తన్నాడు. గొలుసు తెగి తలుపు తెరుచుకుంది. అతని చేతులకి మోచేతుల దాకా రక్తం, అది అతనిది కాదు. అలారం పట్టుకున్న అక్కను జుట్టు పట్టి ఈడ్చి నేలకేసి కొట్టాడు. నేను అడ్డం వెళితే నా కుడి చెయ్యి మెలితిప్పాడు. ఎముక విరగడం నాకే వినిపించింది. అలారాన్ని లాక్కుని బూటుకాలితో తొక్కి తొక్కి ముక్కలు చేశాడు. ముక్కలైనా అది మోగుతూనే ఉంది.

తెరిచిన తలుపులోంచి ఆవిడ కనిపించింది. ముఖం నిండా రక్తంతో, చెప్పుల్లేకుండా, గోడ పట్టుకుని మెట్ల వైపు వెళుతోంది. అతని వీపు అటుంది. నేను అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు, తిప్పితే వెనక్కి చూస్తాడని. కింద వీధి తలుపు మూసుకున్న శబ్దం వచ్చింది. అలారం ఆగిపోయింది.

మోతకి బయటికొచ్చిన పైఅంతస్తువాళ్లు పోలీసులకి ఫోన్ చేశారట. అతను మెట్ల మీదే దొరికాడు.

తర్వాత ఆ ముక్కలను ఎలక్ట్రానిక్స్ చదివే క్లాస్‌మేట్‌కి చూపించాను. బ్యాటరీలు లేకుండా మోగే దారే లేదని తేల్చేశాడు. బ్యాటరీలు మౌస్‌లోనే ఉన్నాయి, మౌస్ ఆ సాయంత్రం కూడా పనిచేసింది. అది ఎలా మోగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు కారణం తెలిసిన సంగతి ఒకటుంది. అంబులెన్స్ దగ్గర లేడీ పోలీసాఫీసర్ నా చేతికి కట్టు వేయిస్తూ, ఇలాంటి శబ్దాలు ఇంతకుముందు ఎప్పుడైనా విన్నావా అని అడిగింది. రెండడుగుల దూరంలో స్ట్రెచర్ మీద పక్కింటావిడ ఉంది. తెరుచుకున్న ఒక్క కంటితో నన్నే చూస్తోంది.

"లేదు, ఈరోజే," అన్నాను.

పక్కింటావిడ ముఖం అటు తిప్పుకుంది.