అమ్మా నేనూ తుప్పు గీకిన నాలుగు చలికాలాలు

మా చిన్నప్పుడు... బడి నుంచి ఇంటికొస్తే అమ్మ మొహం కంటే ముందు అమ్మ కాళ్ళు కనిపించేవి. నాన్న పాత ప్యాంటు, రెండు జతల మేజోళ్ళు, అరిగిపోయిన బూట్లు... మిగతా మనిషంతా కారు కింద ఉండేది.

"వచ్చావా? ఆ గిన్నెలోంచి అరంగుళం పానా ఇలా ఇవ్వవే" అనేది అక్కణ్ణుంచే.

మేముండేది మంచు దేశంలో, హామిల్టన్ అనే ఊళ్ళో. ఇంటి వెనక సందులో గ్యారేజీ. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. తెల్లవారక ముందే వెళ్ళి మూడింటికి వచ్చేది. తడి దుప్పట్లు లాగీ లాగీ భుజాలు పీకుతున్నా సరే, టీ తాగి నేరుగా గ్యారేజీలోకే...

ఆ కారు పక్కింటి ఫ్రాంక్ గారిది. ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన. అమ్మ ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడుతూ కూడా 'ఫ్రాంక్ గారూ' అనే పిలిచేది. కూతురింటికి మకాం మారుస్తూ, "నడిపించగలిగితే నీదే" అని తాళాలు అమ్మ చేతిలో పెట్టారు. డెబ్బైల నాటి మజిల్ కారు. రెండే తలుపులు, నవారు మంచమంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. మా దగ్గరికి వచ్చేనాటికి మాత్రం సీట్లలో ఎలుకలు కాపురముంటున్నాయి. ఎక్కడ చెయ్యి పెట్టినా తుప్పు రాలేది.

"పొద్దున్నుంచీ చేసిన చాకిరీ చాల్లేదా నీకు?" అని నాన్న అడిగారు.

"అది వాళ్ళ పనండీ. ఇది నాది" అంది అమ్మ.

విజయవాడ ఆటోనగర్‌లో మా తాతయ్యకు లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. మామయ్యలిద్దరికీ పని నేర్పారాయన. అమ్మ వంతు, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళడం. వాళ్ళు తిని లేచేదాకా నిలబడి, విప్పి పెట్టిన ఇంజన్లను చూస్తూ ఉండేదట. అమ్మ నేర్చుకున్నదంతా అలా చూసి నేర్చుకున్నదే.

నాకప్పుడు పదకొండేళ్ళు. మొదటి చలికాలం ఎంతో సరదాగా గడిచింది. విప్పిన బోల్టులు సత్తుగిన్నెల్లో వేసి, ఏది ఎక్కడిదో కాగితాల మీద రాసేదాన్ని. రెండో చలికాలానికి విసుగొచ్చేసింది. చిన్న హీటరు ముందు చేతులు కాచుకోవడం, వైరు బ్రష్షుతో గీకడం, మళ్ళీ చేతులు కాచుకోవడం... నా స్నేహితులంతా స్కేటింగుకు వెళ్ళేవాళ్ళు.

డ్రైవరు కాళ్ళ కింద ఉండే రేకు నాకు అప్పగించింది అమ్మ. "తెల్లగా మెరిసేదాకా గీకు. నల్లమచ్చ ఒక్కటి మిగిలినా లోపల్లోపల తినేస్తుంది" అంది.

పది రోజులు గీకాను. పదకొండో రోజు స్నేహితురాలి పుట్టినరోజు. మిగిలిన తుప్పు మీదే, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత పూసేసి, "ఇట్స్ డన్, మా" అన్నాను.

అమ్మ టార్చి వేసి చూసింది. వేళ్ళతో ఒకసారి తడిమింది. టార్చి ఆర్పేసి, "సరే, వెళ్ళు" అంది.

నాలుగో చలికాలం పోయాక, మే నెలలో ఒక ఆదివారం కారు స్టార్టయింది. ఆ మోతకు వీధివీధంతా బయటికొచ్చింది. అమ్మ తలంటుకుని, గంజి పెట్టిన నేతచీర కట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్కన నేను, వెనక నాన్న. అమ్మ అంత నిటారుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

వీధి చివర ఆపబోయి అమ్మ క్లచ్ తొక్కింది. కార్పెట్ కింద రేకు విరిగి, ఎడమ మడమ అందులో దిగబడిపోయింది. పాదం క్లచ్ మీంచి జారింది. కారు ఎగిరి ముందుకు దూకి, ఫుట్‌పాత్ ఎక్కి ఆగిపోయింది. నా నుదురు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని బొప్పి కట్టింది. ఆ ఫుట్‌పాత్ మీద ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

అమ్మ నా నుదురు తడిమి చూసి, తర్వాత కార్పెట్ ఎత్తింది. నేను పూసిన ప్రైమర్ పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

ఏడుపొచ్చేసింది నాకు. "ఐ డిడ్నాట్ ఫినిష్ ఇట్, మా... ఐ జస్ట్ పెయింటెడ్ ఓవర్ ఇట్."

అమ్మ దిగి రోడ్డు అంచున కూలబడింది. మడమ నుంచి రక్తం కారుతోంది. తిడుతుందనుకున్నాను.

"నాకు తెలుసే" అంది. "ఆ రోజే చూశాను. ఆ వారమంతా ఒక్కరోజు సెలవు లేదు నాకు. నీ చేత మళ్ళీ చేయించాలన్నా, నేను చెయ్యాలన్నా ఓపిక లేకపోయింది. పోనీలే అనుకున్నా. ఆ సంగతి తెలిసీ నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరా చూడూ... తప్పు నాది."

అమ్మ నోట 'ఓపిక లేదు' అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆవిడ ఎంత అలసిపోయిందో నాకు అప్పటిదాకా తట్టనే లేదు. పక్కనే కూర్చుని అమ్మ కొంగుతోనే మడమ అదిమి పట్టుకున్నాను.

నాన్నా వీధివాళ్ళూ కారును ఇంటిదాకా నెట్టారు. ఆ వేసవంతా ఆ రేకు కోయించి, కొత్తది వెల్డింగ్ చేయించాం. చుట్టూ మిగిలిన తుప్పు ఇద్దరం చెరోవైపు నుంచి గీకాం. అమ్మ నన్ను రమ్మనలేదు, నేనే వెళ్ళాను. తర్వాత ఆరు వేసవులు నడిపింది ఆ కారును. మోకాళ్ళు క్లచ్ తొక్కలేని రోజు వచ్చాక, దాన్ని ఆ వెల్డింగ్ చేసినాయనకే ఇచ్చేసింది.

ఇప్పుడు నేను అమ్మకు దూరంగా నార్త్ యార్క్‌లో, ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో ఉంటున్నాను. నా కారు బానెట్ ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు. ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో వాలి ఫోన్ చేస్తే, అవతల అమ్మ కూడా నడుం వాల్చే ఉంటుంది. "తిన్నావా?" అంటే "తిన్నా"... అంతకు మించి మాట్లాడే శక్తి ఇద్దరికీ ఉండదు.

అలసట అప్పుడూ ఉంది. కానీ అప్పుడు ఇద్దరం ఒకే పనికి అలసిపోయేవాళ్ళం... ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళం అలసిపోతున్నాం.

మీరు చిన్నప్పుడు ఎవరి పక్కన కూర్చుని, ఏ పని చేసి అలసిపోయారో కింద రాయండి... ఆదివారం తీరిగ్గా అమ్మకు చదివి వినిపిస్తాను.