తమ్ముడి బొంత

మనవరాలి కోసం గుడివాడలో కొన్న కొత్త బొంత విప్పగానే గంజి వాసన కొట్టింది. చిన్నప్పుడు బందరులో అమ్మమ్మ మీద నాకొచ్చిన కోపం గుర్తొచ్చింది.

తమ్ముడు పుట్టినప్పుడు, పేరంటాల్లో వచ్చిన కొత్త జాకెట్టు ముక్కలు పెట్టె నిండా ఉంచుకుని, వాడి బొంతకి మాత్రం ఉతికి ఉతికి పలచబడ్డ తన చీరలు చింపింది. ఇంత పిసినారితనమా అని నిలదీశాను.

అమ్మమ్మ సూది ఆపి, కొత్త ముక్కొకటి తీసి నా బుగ్గకి రుద్దింది. గరుగ్గా గీరుకుంది.

"మరి పండగలకి నాకెందుకు కుట్టించావు ఇలాంటి కొత్త గుడ్డతో బట్టలు?" అని ఇంకా మండిపడ్డాను.

"గుచ్చుకుంటే నువ్వు నోరు తెరిచి చెప్తావే. వాడు చెప్పలేడు కదా."

ఆ మాటకి అప్పుడు నా కోపం తగ్గలేదు. ఇప్పుడు, ఆ కొత్త బొంత మీద పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే అందరూ "ఆకలేమో" అంటున్నారు. చెప్పలేని దాని కోపమంతా నాకొచ్చింది. బీరువాలోంచి నా మెత్తటి చీర తీసి చర్రున చింపాను.