ఉగాదికి ముందొచ్చిన దసరా

నన్ను పిట్టల దగ్గరికి పంపింది డాక్టరు. షుగర్ వచ్చింది, రోజూ నడవాలన్నాడు. నడవడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, పక్కన మాట్లాడే మనిషి లేకపోతే నాకు అడుగు పడదు. మా ఆయన బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాక నస్పూర్ క్వార్టరు ఖాళీ చేసి, కరీంనగర్‌లో యూనివర్సిటీ వెనక కాలనీకి వచ్చి పడ్డాం. నస్పూర్‌లో అయితే వాకిట్లో నిలబడి ఒక్క కేకేస్తే పది గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చేవి. ఇక్కడ ఎవరి తలుపు వాళ్లదే.

ఒక ఆదివారం పొద్దున యూనివర్సిటీ గేటు దగ్గర కొంతమంది మెడలో బైనాక్యులర్లు వేసుకుని నిలబడి ఉన్నారు. ఉండబట్టలేక పోయి అడిగాను. "పిట్టలను సూడబోతున్నమమ్మా, మీరు గూడ రాండ్రి" అంది ఒక చిన్నది. జువాలజీ చెప్పే మేడమట, చూస్తే నా చిన్నబిడ్డంత ఉంది. ఆ వారం నుంచి నేను ఏ ఆదివారమూ మానలేదు.

వాళ్లకు కొన్ని పద్ధతులున్నాయి. పిట్ట కనబడితే అరవకూడదు. వేలు పెట్టి చూపకూడదు. చెట్టును గడియారం అనుకుని, "మోదుగచెట్టు, మూడు గంటల దిక్కు" అని మెల్లగా చెప్పాలి. నాకా, మెల్లగా అనే మాట తెలియదు. "గదో గదో, గా కొమ్మ మీద!" అని నేననేసరికి కొమ్మ ఖాళీ అయ్యేది. బ్యాంకులో పనిచేసే ఒకాయన కోపంగా చూసేవాడు. చూస్తే చూడనీ, నాకేం భయం.

మొదటి వారమే నా పరువు పోయింది. కరెంటు తీగ మీద మట్టిరంగు పిట్ట ఒకటి కూర్చుంది. "పాలపిట్ట" అంది మేడం. ఆ మాట చెవిన పడగానే నా కాళ్లు చెప్పుల్లోంచి బయటికొచ్చాయి, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి, కళ్లు జమ్మిచెట్టు కోసం వెతికాయి. మేమందరం పుట్టినప్పటి నుంచి అంతే. దసరా సాయంత్రం ఊరి బయటికి పోవడం, పాలపిట్టను చూసి దండం పెట్టడం, జమ్మి ఆకును బంగారమని చేతుల్లో పెట్టుకుని, ఒకరినొకరు కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవడం.

"అమ్మా, ఇయ్యాల దసరా గాదు" అని మేడం నవ్వింది. "ఇది దినాం ఈడనే ఉంటది. మనమే దసరానాడు తప్ప దిక్కు సూడం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆశ్చర్యం పోలేదు. ఇంత వయసొచ్చి, పాలపిట్ట అనేది దసరాకు ఎక్కడి నుంచో వచ్చి పోతుందనే అనుకుంటున్నాను నేను!

అప్పటి నుంచి నా కన్ను దాని మీదే. మోదుగపూలు రాలి నేలంతా ఎర్రగా ఉన్న రోజులవి. వెనక గోడ దగ్గర, పిడుగుపడి తలపోయిన మొండి తాటిచెట్టు ఒకటుంది. మిగతావాళ్లంతా ఏదో చిన్న పిట్ట కోసం ముళ్లపొదలోకి తలలు దూర్చి ఉండగా, పాలపిట్ట ఆ మోడు మీది తొర్రలోకి దూరడం నేను చూశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ దూరింది. మేడం బైనాక్యులర్లు పెట్టి చాలాసేపు చూసి, "గూడే అమ్మా! ఇన్నేండ్ల సంది తిరుగుతున్న, నాకే దొరకలే" అంది. చప్పట్లు కొడితే పిట్టలు బెదురుతాయని అందరూ చేతులు గాలిలో ఊపారు. బ్యాంకాయన కూడా ఊపాడు. నా మనసు ఎంత పొంగిపోయిందో చెప్పలేను. ఇంట్లో వంట బాగుందంటారు, ఇల్లు శుభ్రంగా పెడతానంటారు, అంతే. ఒక సంగతిని ముందుగా కనిపెట్టినందుకు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

"గిన్నేండ్లు గనిల బొగ్గు తీసిన. నాకు ఎవ్వడన్న చేతులు ఊపిండా?" అన్నాడు ముఖం మీంచి పేపరు తియ్యకుండానే.

తరువాతి ఆదివారం పోయేసరికి క్యాంపస్ అంతా పెళ్లిల్లులా తయారవుతోంది. తనిఖీ బృందం వస్తుందట. దారి పొడుగునా చెట్లకు తెల్లగా సున్నం, ఎర్రగా జాజు పట్టీలు వేశారు. నా తాటిమోడుకు మాత్రం ఎర్ర రంగుతో అడ్డగీత, నిలువుగీత. కొట్టేసే చెట్టుకు పెట్టే గుర్తు అది.

మేడం ఆ రోజే క్యాంపస్ పనులు చూసే సారుకు ఫోన్ చేసింది. ఎండిన మోడు ఎవరి మీదన్నా పడితే ఎవరు జవాబు చెప్తారు, బృందం వచ్చే దారిలో అది అసహ్యంగా కనబడుతుంది అన్నాడట. మేడంది కాంట్రాక్టు ఉద్యోగం. అంతకంటే గట్టిగా మాట్లాడలేక ముఖం వేలాడేసుకుంది.

నాకు ఏ ఉద్యోగమూ లేదు కదా! మరునాడే ఆఫీసుకు పోయాను. సారు వేములవాడ దిక్కు మనిషి, మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. గూడు సంగతి చెప్పాను.

"పాలపిట్టనా?" అని నవ్వాడు. "ఇంక ఉగాదన్న రాలే, గీ ఎండలల్ల పాలపిట్ట ఏడికెళ్లి వస్తదమ్మా? అది దసరాకు గదా వచ్చేది!"

నాకు ఒళ్లు మండింది. నిన్నమొన్నటిదాకా నేనూ అదే అనుకున్నానన్న సంగతి ఆ మంటలో గుర్తు రాలేదు.

"దసరాకు ఒచ్చిపోతానికి అదేమన్న మీ ఇంటి అల్లుడా సారూ? నీ గోడ పక్కనే కాపురమున్నది. ఆదివారం పొద్దుగాల రా, సూపిస్త. సూపియ్యకపోతే గా చెట్టు మీద మొదటి దెబ్బ నేనే ఏస్త."

పక్క గదిలోవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. సారు, "ఆదివారమే కోతమిషిని వాళ్లు వస్తుండ్రు. నేనెట్లనో రావాలె. సూద్దాం తియ్యమ్మా" అన్నాడు.

ఆ వారం అన్నం సహించలేదు. ఆదివారం మా ఆయన కూడా బయలుదేరాడు. "గొడ్డలి నేను పట్టుకొస్త తియ్" అన్నాడు. ఆ మాటకు నేను జవాబివ్వలేదంటే ఎంత పరేషాన్‌లో ఉన్నానో ఆయనకూ తెలిసింది. చప్పుడు చేయకుండా వెనకే నడిచాడు.

సారు వచ్చాడు. మిషిను వాళ్లూ వచ్చారు. పాలపిట్ట రాలేదు. పికిలిపిట్టలు వచ్చాయి, గోరింకలు వచ్చాయి, జెముడుకాకి కూడా తీరిగ్గా మా ముందునుంచి నడిచిపోయింది. ఎండ ముదురుతోంది. సారు ఫోను చూసుకుంటున్నాడు. నేను మనసులో వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాను.

అప్పుడొచ్చి మోడు మీద కూర్చుంది. గమ్మున, ముడుచుకుని.

"మోడు, పన్నెండు గంటల దిక్కు" అంది మేడం మెల్లగా.

సారు బైనాక్యులర్లు పెట్టి చూశాడు. "గిదా? గిది మన్ను రంగున్నది. పాలపిట్ట నీలముండాలె గదమ్మా" అని బైనాక్యులర్లు దించి, మిషిను వాళ్ల వైపు చెయ్యెత్తాడు.

అంతలో గోడవతలి గుట్ట దిక్కు నుంచి ఇంకోటి గరగరా అరుస్తూ దూసుకొచ్చింది. మోడు మీదిది రెక్కలు విప్పింది. ఇక చూడాలి! మట్టిరంగంతా ఏమైపోయిందో, నీలం, నీలం మీద ఇంకో నీలం. రెండూ నిటారుగా ఆకాశంలోకి ఎక్కి, అక్కడి నుంచి పల్టీలు కొడుతూ కిందికి పడి, నేలకు తగులుతాయనగా మళ్లీ పైకి లేచాయి.

"గదో! గదో సూడు సారూ! కండ్ల నిండ సూడు!" అని ఎగిరెగిరి వేలు పెట్టి చూపించాను. ఏ గడియారమూ నాకు గుర్తు లేదు. బ్యాంకాయన నాకంటే గట్టిగా అరిచాడు.

సారు బైనాక్యులర్లు మేడంకు ఇచ్చేశాడు. బూట్లు విప్పాడు. ఎర్రటి ఎండలో రాళ్ల మీద నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"చిన్నప్పుడు దసరాకు బాపు భుజాల మీద ఎక్కిచ్చుకొని, గదో కనబడ్డదా అనేటోడు" అన్నాడు. "అందరు కనబడ్డదనేటోళ్లు. కనబడకపోతే ఏడాదంతా మంచిగుండదంటరు గదా, నేను గూడ కనబడ్డదన్న. ఏ యేడు సూడలేదమ్మా. ఇగో, ఇయ్యాలనే సూసుడు."

గోడ పక్కనున్న జమ్మిచెట్టు దగ్గరికి పోయి లేత కొమ్మ తుంచుకొచ్చాడు. నాలుగు ఆకులు నా చేతిలో పెట్టి, వంగి నా కాళ్లకు దండం పెట్టాడు, అచ్చం దసరా నాడు పెద్దవాళ్లకు పెట్టినట్టే. వారమంతా ఆ మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! తల మీద చెయ్యి పెట్టాను.

"సల్లగ బతుకు బిడ్డా" అన్నాను. "గా చెట్టు ముట్టినవంటే మాత్రం నీ కాళ్లిరగ్గొడ్త."

అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే ఎక్కువ సారే నవ్వాడు. మిషిను వాళ్లను వెళ్లిపొమ్మన్నాడు. జమ్మి ఆకు అందరి చేతుల్లోకీ పోయింది, అందరం అలాయ్ బలాయ్ తీసుకున్నాం. వెనక నుంచి టపటపా చప్పట్లు వినబడ్డాయి. తిరిగి చూస్తే మా ఆయన. మేడం వద్దని సైగ చేస్తున్నా ఆపకుండా, నన్నే చూస్తూ కొడుతున్నాడు.

తనిఖీ రోజుకు ఆ మోడుకు కూడా సున్నం, జాజు పట్టీలు పడ్డాయి. ఎర్రగుర్తు సున్నం కింద కలిసిపోయింది. ఇదేం చెట్టని బృందం వాళ్లు అడిగితే, "మా పాలపిట్ట ఇల్లు" అన్నాడట సారు. ఎండాకాలం ముగిసేలోపు తొర్రలోంచి పిల్లలు ఎగిరిపోయాయి.

అసలు దసరాకు మా కాలనీ అంతా ఆ మోడు దగ్గరికే వచ్చింది. ఏ వాకిట్లో ఎవరుంటారో నాకు ఆ సాయంత్రమే తెలిసింది. సారు తన చిన్నబిడ్డను భుజాల మీద ఎక్కించుకుని వచ్చాడు.

"గదో, కనబడ్డదా?" అని అడిగాడు.

పిల్ల అటూ ఇటూ చూసి, "కనబడలే బాపూ" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అన్నారు. సారు ముఖం వెలిగిపోయింది. పిల్ల కాళ్లు గట్టిగా పట్టుకుని, "కనబడకపోతే కనబడలేదనే అనాలె బిడ్డా. ఫికర్ లేదు, కనబడేదాంక నిలవడుదాం" అన్నాడు. ఆయన పక్కన నేను నిలబడ్డాను, నా పక్కన మా ఆయన. పిల్ల నోటి నుంచి కేక వచ్చేదాకా ఒక్కరూ ఇంటికి పోలేదు.