మొరాయించే కారుతో ఫిల్మ్‌నగర్‌కి

వెంగళరావునగర్ నుంచి ఫిల్మ్‌నగర్‌కి ఇప్పుడు వెళ్ళేవారు ట్రాఫిక్ చూసుకుని బయలుదేరాలి. తొంభయ్యో దశకం మొదట్లో మేము మా కారు మనసు చూసుకుని బయలుదేరేవాళ్ళం.

స్టీరింగ్ పక్కనే గేరు ఉండే పాత కారు మాది. సాయంత్రాలు పిలిస్తే పలికేది. పొద్దున మాత్రం సెల్ఫ్ కొడితే దగ్గేది, తుమ్మేది, ఒళ్ళంతా వణికిపోయి గేటు దాటేలోపు ఆగిపోయేది. నేను సినిమాల్లో హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పేదాన్ని. ఉదయం రికార్డింగులకి వరసగా ఆలస్యమయ్యేసరికి రికార్డింగ్ మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "రేపు ఎనిమిదికి మీరు మైకు ముందు లేకపోతే ఆ హీరోయిన్‌కి ఇంకొకరితో చెప్పిస్తారండీ. నా చేతుల్లో లేదు."

ఆ అమ్మాయికి మొదటి సినిమా నుంచీ నా గొంతే. తెర మీద ఆమె నోటి వెంట ఇంకొకరి మాట వస్తుందనుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

మా వీధి మెకానిక్ అప్పటికే ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు మార్చాడు, చివరికి బ్యాటరీ కూడా మార్చాడు. అతను వచ్చేది మధ్యాహ్నం. అప్పటికి కారు ఏమీ ఎరగనట్టు బుద్ధిగా స్టార్టయ్యేది. ఇక లాభం లేదని, షూటింగ్ కార్లు బాగుచేసే యాదగిరి దగ్గరికి ఆ సాయంత్రం నాలుగింటికి బయలుదేరాను. మావారు క్యాంపులో ఉన్నారు. మామయ్యగారిని ఒక్కరినీ ఇంట్లో వదలలేక వెంట తీసుకెళ్ళాను.

మామయ్యగారు గోదావరి పక్క ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు అర్చకత్వం చేశారు. ఒంట్లో ఓపిక తగ్గి, గుడి మరొకరికి అప్పగించి మా దగ్గరికి వచ్చారు. ఆ తరువాత ఆయనకు మిగిలిన మూలవిరాట్టు మా కారే. రోజూ తెల్లవారుజామున స్నానం చేసి, బానెట్ ఎత్తి, మంత్రాలు చదువుతూ పూజ చేసేవారు.

యూసఫ్‌గూడ దాటి కృష్ణానగర్ చేరేసరికి టీ కొట్ల ముందు వేషాలు తీయని జూనియర్ ఆర్టిస్టులు గుంపులుగా నిలబడి ఉన్నారు. పోలీసు దుస్తుల్లో ఉన్న ఒకాయన చెయ్యి ఎత్తితే ఆపి ఎక్కించుకున్నాం. మామయ్యగారు గబగబా రెండు చేతులూ జోడించారు.

"నమస్కారం ఇన్‌స్పెక్టరుగారూ."

"నాకెందుకు దండం పెద్దాయనా! పొద్దుగాల నుంచి మూడుసార్లు సచ్చిన, ఇంక పైసలియ్యలే," అన్నాడాయన. కాళ్ళకు హవాయి చెప్పులున్నాయి.

చెక్‌పోస్ట్ దాటి జూబ్లీహిల్స్ ఎక్కితే అప్పట్లో బండరాళ్ళూ సీతాఫలం పొదలే ఎక్కువ, ఇళ్ళు తక్కువ. కిటికీ దించితే చల్లగాలి మొహాన కొట్టేది. ఆ గాలి కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఇప్పుడా దారిన వెళితే అద్దాల మేడలు తప్ప ఆకాశం కూడా సరిగ్గా కనబడదు.

యాదగిరి షెడ్డు ఫిల్మ్‌నగర్ మట్టిరోడ్డు చివర. కథంతా విని తల గోక్కున్నాడు. "పొద్దుగాల తకలీఫ్ ఇచ్చే బండిని సాయంత్రం చూస్తే ఏం దొరుకుతదమ్మా? రాత్రికి గీడనే ఉంచుండ్రి. తెల్లారి సల్లగున్నప్పుడు చూద్దాం, ఫికర్ చెయ్యకుండ్రి."

అక్కడికి దగ్గర్లోనే ఉండే నా తోటి ఆర్టిస్టు సుగుణ మాకు పప్పుచారు, వంకాయకూర పెట్టి పక్కలు వేసింది. నాకు నిద్ర పడితే ఒట్టు.

ఉదయం ఆరున్నరకి షెడ్డుకి వెళ్ళాం. యాదగిరి సెల్ఫ్ కొట్టాడు. ఒక్క దగ్గు లేదు, తుమ్ము లేదు, మొదటిసారికే స్టార్టయింది! "బండికేం రోగం లేదమ్మా," అని ఆపేశాడు. నాకు ఆనందం ఆగలేదు.

మామయ్యగారు మాత్రం నొచ్చుకున్నారు. "ఇవాళ పూజ కాలేదుగా అమ్మాయ్. శుభమా అని పనికి వెళుతున్నావు," అంటూ సంచిలోంచి రాగిచెంబు తీసి కుళాయి దగ్గర నింపుకున్నారు. కెమెరాకి హారతి ఇవ్వనిదే మొదటి షాట్ తీయని లోకం మాది, వద్దని ఎవరంటారు? నేనూ చేతులు జోడించి నిలబడ్డాను. ఆయన బానెట్ ఎత్తి, ఆరోజుల్లో గర్భగుడిలో పోసినట్టే, ధారగా అభిషేకం చేసి తులసిదళం పెట్టారు.

నేను కూర్చుని సెల్ఫ్ కొట్టాను. కారు దగ్గింది. తుమ్మింది. వణికి ఆగిపోయింది.

యాదగిరి డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చూపించాడు. లోపల నీటి చుక్కలు. "ప్లగ్గులకు కరెంటు ఈడికెళ్లే పోవాలె. నీళ్ళు పడితే ఎట్ల పోతది? రోజు పోస్తరా అయ్యగారూ?"

"రోజూనండీ. ఈమధ్య మరీ మొరాయిస్తోందని రెండు చెంబులు చేశాను," అన్నారు మామయ్యగారు అమాయకంగా. యాదగిరి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆయన మొహం చూశాక నోట్లోనే ఉండిపోయింది.

మూత తుడిచి ఆరబెట్టాక కారు బయలుదేరింది. ఎనిమిదికి ముందే మైకు ముందున్నాను. ఆ అమ్మాయి గొంతు నాకే దక్కింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. కొండ దిగుతున్నంతసేపూ మామయ్యగారు ఒళ్ళో ఖాళీ చెంబు పట్టుకుని కూర్చున్నారు. ఇంటి ముందు ఆపితే దిగలేదు.

"ఇన్నాళ్ళూ నీ నోటికాడ కూడు తీసింది నేనేనామ్మా?"

"అదేం మాట మామయ్యగారూ!"

"గుడి పోయింది. ఇహ ఇదీ లేదు. రేప్పొద్దున ఈ నీళ్ళు ఎక్కడ పొయ్యను?"

ఆ ముసలాయన్ని చూస్తే గుండె తరుక్కుపోయింది. "నా తల మీద చల్లండి. నడిపేది నేనే కదా," అన్నాను.

ఆ తరువాత మా కారు ఏ ఉదయమూ మొరాయించలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను మైకు ముందుకి తడి తలతోనే వెళ్ళాను. చల్లడం ఆయనకెప్పుడూ చేతకాలేదు.