ఆదివారం దాకా ఆగిన విత్తనాలు

2020 నవంబర్. బయట విన్నిపెగ్ మంచు. లోపల మా వంటింటి బల్ల దగ్గర నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, మలావీలో మొక్కజొన్న ఎలా నాటాలో ఫోన్‌లో చెబుతూ కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ రోజుల్లోకి మళ్లీ రమ్మంటే పరుగెత్తుకుంటూ వెళ్తాను.

నేను అగ్రానమిస్టుని, అంటే పంటల సాగు చెప్పే మనిషిని. గుంటూరు వైపు కొన్నాళ్లు పనిచేసి కెనడా వచ్చాక ఇక్కడొక చిన్న మిషన్ సంస్థలో చేరాను. మలావీ పల్లెల్లో రైతులకు సాగు నేర్పడం, దాంతోపాటు వాక్యం చెప్పడం మా పని. పొద్దున్నే బైబిలు, తర్వాత పొలం. ఏటా రెండుసార్లు వెళ్లొచ్చేదాన్ని. ఆ ఏడు కోవిడ్ వల్ల ప్రయాణాలు ఆగిపోయి ట్రైనింగ్ మొత్తం వాట్సాప్‌లోకి వచ్చింది. నా వాయిస్ మెసేజులు విని విని మా ఆయన, "వరసకీ వరసకీ ఎంత ఎడం ఉండాలో నాక్కూడా కంఠతా వచ్చేసింది, ఇక నన్ను పంపించు" అని ఏడిపించేవాడు.

అక్కడ మా లీడ్ ఫార్మర్ ఎస్తేరు. తాను ముందు నేర్చుకుని, తన పొలంలో చేసి చూపించి, చుట్టుపక్కల వాళ్లకు నేర్పే రైతును లీడ్ ఫార్మర్ అంటాం. భర్త చనిపోయాడు, ముగ్గురు పిల్లలు, ఎకరం పొలం. ఇంగ్లీషు గడగడా మాట్లాడేది. నన్ను 'అమాయీ' అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మ అని.

మా మిషన్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. విత్తనాల సంచులు ఆ ఊరి చర్చి గదిలో తాళం వేసి ఉంచుతారు. ఆదివారం ఆరాధనలో వాటిని ముందర పెట్టి, ప్రార్థన చేసి, అప్పుడు రైతులకు పంచుతారు. నేను అక్కడుంటే వానలకు ముందే ఆ పని అయిపోయేది. ఆ ఏడు మాత్రం విన్నిపెగ్‌లో మా చర్చి సంఘం వాళ్లు కూడా జూమ్‌లో కలుస్తామన్నారు. సండే స్కూల్ పిల్లలు పాట నేర్చుకున్నారు. వాళ్లందరికీ కుదిరేలా నవంబర్ చివరి ఆదివారం అని నేనే పెట్టాను, మహా తెలివైనదాన్నిలా.

ఆ వారం మంగళవారమే ఎస్తేరు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. వెనకాల కప్పల అరుపులు, పిల్లల కేకలు.

"అమాయీ, పొద్దుట్నుంచీ వాన! నేల బాగా తడిసింది. తాళం తీయమంటే పాస్టర్ గారు మీరు చెబితేనే తీస్తానంటున్నారు. ఒక్కమాట చెప్పండి."

దాన్ని మేం ప్లాంటింగ్ రెయిన్ అంటాం. విత్తనం వేయడానికి సరిపోయేంత లోతుగా తడిపే మొదటి వాన. ఆ తడి ఆరకముందే గింజ నేలలో పడాలని ఏళ్ల తరబడి వాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరిందాన్ని నేనే. అలాంటిదాన్ని ఏమన్నానో తెలుసా? "ఆదివారం దాకా ఆగు ఎస్తేరూ. ఐదు రోజులేగా!"

ఎందుకన్నానంటే, మొహమాటం. మా మిషన్ కమిటీ ఛైర్మన్ హెన్రీకి ఎనభై ఏళ్లు. ఆ విత్తనాల ప్రార్థనంటే ఆయనకు ప్రాణం. అంత పెద్దాయనతో మీ ఆదివారం వద్దని ఎలా చెప్పడం?

బుధవారం ఎస్తేరు ఒక వీడియో పంపింది. ఫీల్ టెస్ట్. గుప్పెడు మట్టి తీసి పిసికితే ముద్ద కట్టాలి, అప్పుడు తడి ఉన్నట్టు. ముద్ద కట్టింది గానీ అంచులు రాలుతున్నాయి. ఇంకా ఉందిలే అనుకుని ఫోన్ పక్కన పెట్టాను. గురువారం ఇంకో వీడియో. గుప్పిట తెరిచేసరికి మట్టి వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలిపోయింది.

వెంటనే హెన్రీకి ఫోన్ చేసి, నీళ్లు నములుతూ సంగతి చెప్పాను.

"వాన ఎప్పుడు పడింది?" అన్నాడు.

"మంగళవారం."

"ఇవాళ గురువారం! నువ్వు అగ్రానమిస్టువి కదా, ఎవరు ఆపమన్నారు నిన్ను?"

"అది కాదు హెన్రీ, ప్రార్థన..."

"దేవుడు మంగళవారం వాన ఇస్తే ఆదివారం దాకా పక్కన పెట్టమని నేను చెప్పానా? ఇక్కడే మానిటోబాలో యాభై ఏళ్లు గోధుమ పండించాను నేను. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది!"

నిజమే. ఆయన రైతు అన్న సంగతి నాకు తెలుసు. ఛైర్మన్ అనే సరికి ఆ సంగతే మర్చిపోయాను.

పది నిమిషాల్లో తాళం తీయించాను. ఆ సాయంత్రమూ మర్నాడూ అందరూ నాటారు. తర్వాత రెండు వారాలు చుక్క పడలేదు. చాలా పొలాల్లో జెర్మినేషన్, అంటే మొలకెత్తడం, సగం కూడా లేదు. ఎస్తేరు పొలం ఒక్కటే పచ్చగా లేచింది. అదెలా అనడిగితే, "నేను బుధవారమే ఇంట్లో ఉన్న గింజలు వేసేశాను అమాయీ" అంది. వీడియోలు పంపింది మిగతావాళ్ల కోసమట. చర్చి నుంచి తన వంతుకొచ్చిన విత్తనం మొలకలు రాని ఇరుగుపొరుగుకు ఇచ్చేసింది. నేను తెగ మురిసిపోయి, మా సంఘంలో దాన్ని దేవుడు చేసిన మేలంటూ సాక్ష్యంగా కూడా చెప్పాను.

2022లో మళ్లీ వెళ్లాను. ఎస్తేరు ఇంటి ముందు కూర్చుని ఇద్దరం మొక్కజొన్న కండెలు వలుస్తున్నాం. మాటల్లో మాటగా అడిగాను, అప్పుడు నాటిన గింజలు ఎక్కడివని.

"జనవరి, ఫిబ్రవరి నెలల్లో తినడానికి దాచుకున్నవి" అంది, చేతులు ఆపకుండా.

మలావీలో ఆ రెండు నెలలూ ఆకలి నెలలు. పాత పంట అయిపోతుంది, కొత్తది చేతికి రాదు. మేమిచ్చే విత్తనం పురుగుమందు పట్టించినది, తినడానికి పనికిరాదు.

"మరి ఏం తిన్నారే?"

"పిల్లలకు రెండు పూటలు. నాకు ఒకటి. కొన్ని రోజులు అదీ లేదు."

"నాకు చెబితే ఏదో ఒకటి పంపేదాన్ని కదా ఎస్తేరూ! ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఆగమన్నారు. మీ మాట కాదని నాటాను. తర్వాత ఆకలేస్తోందని మీకే ఎలా చెప్పను?"

హెన్రీ దగ్గర నాకున్న మొహమాటమే తనకు నా దగ్గర. నాది ఫోన్‌లో చీవాట్లతో పోయింది. తనది రెండు నెలలు పస్తులు పెట్టింది. ఆ చేతులు పట్టుకుని ఏడ్చాను, క్షమించమన్నాను. "అయ్యో అమాయీ, పిల్లలు చూస్తున్నారు" అని తను నవ్వింది.

ఆ ఏటి నుంచీ విత్తనాల గది తాళంచెవి ఊరి రైతు మహిళల దగ్గరే ఉంటోంది. నేను ఉద్యోగం మానేసి రెండేళ్లయినా కొత్తగా వెళ్లే వాలంటీర్లు మా ఇంటికొస్తుంటారు, టీ తాగుతూ ఈ సంగతి చెబుతాను. మట్టి పరీక్ష ఎవరైనా నేర్పగలరు. మనల్ని గౌరవించే మనిషి మనకి చెప్పుకోలేని కష్టం ఏదో ఉంటుందని, దాన్ని మనమే అడగాలని నాకు ఎస్తేరే నేర్పింది.

మొన్న నవంబర్‌లో తన మెసేజ్ వచ్చింది. "వాన పడింది అమాయీ. నాటేశాం. మీరు ఆదివారం తీరిగ్గా ప్రార్థన చేసుకోండి."

నవ్వుకుని, వెంటనే అడిగాను. "ఇంట్లో తినడానికి గింజలున్నాయా?"

"ఉన్నాయి. లేకపోతే ఈసారి చెప్పేదాన్నే."