కొట్టేసిన ఏడో ప్రశ్న

1996 మే నెలలో నన్ను బి.ఎస్సీ. ఆనర్స్ గణితం పేపర్లకు హెడ్ ఎగ్జామినర్‌గా వేశారు. ఢిల్లీ శివార్లలో, పరీక్షలు సొంతంగా నడుపుకునే కాలేజీ మాది. హెడ్ ఎగ్జామినర్ అంటే పెద్ద హోదా అనుకునేరు. మిగతావాళ్లు దిద్దిన జవాబుపత్రాల్లో కొన్నింటిని మళ్లీ చూడటం, తేడా ఉంటే సర్దటం, ఫిర్యాదు వస్తే అందరికంటే ముందు తిట్లు తినటం. నేనేమో గ్యాస్ కట్టేశానో లేదోనని దారిలో బస్సు దిగి వెనక్కి వెళ్లే రకం. అలాంటివాడికి అప్పగించాల్సిన పని కాదది.

ఆ ఏడు ఆల్జీబ్రా పేపర్లో ఏడో ప్రశ్నే తప్పు. ఇచ్చిన షరతులు ఒకదానితో ఒకటి పొసగవు, ఎంత పెనుగులాడినా జవాబు రాదు. అలాంటప్పుడు పరీక్షల విభాగానికి ఒక పద్ధతి ఉండేది. ఆ ప్రశ్నను ప్రయత్నించినవాళ్లందరికీ దానికున్న పది మార్కులూ వేసేస్తారు. నంబరు వేసి రెండు ముక్కలు గీకినా ప్రయత్నించినట్టే.

మార్కులు కూడాక మొదటి ర్యాంకు దగ్గర చిక్కొచ్చింది. మొదటి ఇద్దరికీ తేడా నాలుగు మార్కులు. రెండో విద్యార్థి పత్రంలో ఏడో నంబరు ఉంది, కింద అర పేజీ లెక్క ఉంది, దానిమీద అడ్డంగా గీత ఉంది. కొట్టేసింది ప్రయత్నం కిందికి వస్తుందా? అది తేలితే గాని గోల్డ్ మెడల్ ఎవరిదో తేలదు. మెడల్ ఒక్కటే అయితే నాకింత బెంగ ఉండేది కాదు. ఎం.ఎస్సీ.లో హాస్టల్ సీటు మెడల్ వచ్చినవాళ్లకే ఖాయం.

పత్రాల మీద కోడ్ నంబర్లే ఉంటాయి, పేర్లు మెడల్ కమిటీ ఎదుటే తెరుస్తారు. ఆ రెండో విద్యార్థి పేరు పద్మజ. కంటోన్మెంట్‌లో ఉండే సుబేదారు గారి అమ్మాయి, ఒంగోలు వైపు వాళ్లు. తండ్రికి జోధ్‌పూర్ బదిలీ అయింది. హాస్టల్ లేకపోతే ఆమె చదువు ఢిల్లీలో సాగదు. కమిటీలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే, పేరు వినగానే అందరూ నావైపు చూశారు.

అయినా చెప్పాల్సింది చెప్పాను. షరతులు పొసగవని తేలేదాకా లెక్క చేసి, తేలాకే కొట్టేసిందని, క్లాసులో ఆ ప్రశ్నను అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతేనని. పరీక్షల కంట్రోలర్ గారు మెత్తగా, "రావ్ సాబ్, బచ్చీ ఆప్ కీ తరఫ్ కీ హై నా?" అన్నారు. మీ వైపు పిల్లే కదా అని. కొట్టేసిన భాగం దిద్దకూడదన్నది నిబంధన. నేను తప్ప అందరూ దానికే చేతులెత్తారు.

ఫలితాలు అంటించిన రోజు పద్మజ స్టాఫ్ రూముకు వచ్చింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"సార్, ఆ ఏడో దానికి ఆన్సర్ లేదు కదా?"

"లేదమ్మా."

"అచ్ఛా. మరి రాసినోళ్లు ఏం రాశారు సార్?"

గడియారం చూసుకుని, "డాడీ బయట స్కూటర్ మీద వెయిట్ చేస్తున్నారు" అని వెళ్లిపోయింది.

తప్పు ప్రశ్నకు మార్కులు కలిపితే అందరికీ కలపాలి. ప్రయత్నించినవాళ్లకే అంటే, తెలిసి ఆగినవాళ్లకు శిక్ష వేసినట్టే. ఆ వ్యవహారం నాకు నేర్పింది ఇదే. తర్వాతి విద్యాసంవత్సరంలో పోరాడి ఆ పద్ధతి మార్పించాను. అప్పటికి సుబేదారు గారి సామాను జోధ్‌పూర్ చేరిపోయింది.