మా ఇంటి పొట్టి వాకిలి

ఆళ్లగడ్డలో మా ఇంటికి ఎవరొచ్చినా తల వంచి లోపలికి రావలసిందే. కలెక్టరొచ్చినా అంతే. ఆ వాకిలి చూసుకుని నాకు చెప్పలేనంత పొగరు, ఎందుకంటే దాన్ని అక్కడ నిలబెట్టింది మా అత్త.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నేను కాపురానికి వచ్చి ఏడాదయింది. పాత మట్టి మిద్దె వానకు కారుతోందని, పడగొట్టి కొత్తది కట్టమని మామ ఒక నంద్యాల మేస్త్రీకి గుత్తకిచ్చాడు. విప్పిన సామాను మేస్త్రీదే అనేది మా వైపు ఆనవాయితీ. అది చూసుకునే వాళ్లు కూలి తగ్గించుకుంటారు. "పాతదంతా నీదేలేప్పా" అని మామ నలుగురిలో మాటిచ్చాడు.

అత్తా నేనూ యాగంటికి పోయి వచ్చేసరికి మిద్దె నేలమట్టమైంది. దూలాలు పోతే పోయాయి, గడపతో సహా ద్వారబంధం కూడా బండెక్కి నంద్యాలకు పోయింది. అత్త ప్రతి శుక్రవారం పసుపు పూసి బొట్లు పెట్టిన గడప అది. నేను బియ్యపు చెంబును కాలితో తోసి అడుగుపెట్టిన గడప. నాకు ఏడుపొచ్చింది. అత్తకు కోపమొచ్చింది.

"మాటిచ్చినా. ఇంగ అడిగితే నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు మామ.

"నువ్వు ఈడనే ఉండు. నేను అడుగుతా" అని అత్త నన్ను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కింది. పుట్టింట్లో నాకు నోరెక్కువని పేరు. ఆ రోజుతో అత్త ముందు నాది నోరే కాదని తేలిపోయింది.

మేస్త్రీ ఇంటి ముందు మా ద్వారబంధం గోడకు ఆనించి ఉంది. గడప మీద పసుపు ఇంకా పోలేదు.

"పెద్దాయన నోటితో చెప్పినాడు గదమ్మా, పాతదంతా నాదేనని" అన్నాడు మేస్త్రీ.

"నేను కాదంటాండానా?" అంది అత్త. "దూలాలు నీవి, రాళ్లు నీవి. కొత్తిండ్లకు దారబందం ఎత్తేటప్పుడు ఏం అడుగుతావప్పా నువ్వు?"

"టెంకాయ, కొత్త పంచె."

"ఎందుకు?"

"లచ్చిందేవి వచ్చే తావు గదమ్మా."

"పూజ చేసి ఎత్తినదాన్ని గడ్డపారతో పెరికితే పాత సామానయితాదా? దించేటప్పుడు టెంకాయ కొట్టినావా? నన్నొక మాట అడిగినావా?"

మేస్త్రీ తలగుడ్డ తీసి గడపకు దండం పెట్టాడు. "కొట్టలేదమ్మా. తప్పు నాదే" అన్నాడు. తనే బండి కట్టి దాన్ని వెనక్కి తోలుకొచ్చాడు.

మామ ఇచ్చిన మాటా పోలేదు, అత్త గడపా పోలేదు. కానీ కొత్త ఇంటి గోడలు ఎత్తు.

"ఇది పొట్టిదైతాదమ్మా, చూసినోళ్లు నవ్వుతారు. పెరటి వాకిలికి పెడతా" అన్నాడు మేస్త్రీ.

"ముందరే పెట్టు. నవ్వేటోళ్లు బయటనే నిలబడి నవ్వనీ."

టెంకాయ కొట్టి, ఈసారి పంచె అత్తే తన చేత్తో ఇచ్చింది. ఆ తర్వాత మామకు ఎన్నిసార్లు నుదురు బొప్పి కట్టిందో. నేనూ వంగే తిరిగాను. ఆ వాకిట్లో తలెత్తుకుని నడిచింది మా అత్త ఒక్కతే. ఆమె అంత పొట్టి మనిషి.